మైలుతుత్తం నీళ్ళలో నెత్తురు చుక్క

1958 ఫిబ్రవరి 12, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నా నెత్తురు చుక్క నీలం నీళ్ళ మీద తేలింది. అది మునగాలి. మునగలేదు.

ఇంగ్లండు ఉత్తర భాగంలో ఉన్న ఒక బొగ్గుగనుల ఊళ్ళో, చర్చి పక్కన ఉన్న హాలులో జరిగింది ఇది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళ వేలు సూదితో గుచ్చి, ఒక చుక్కను మైలుతుత్తం కలిపిన నీళ్ళలో వేసేవాళ్ళు. ఒంట్లో సత్తువ ఉన్న నెత్తురైతే పదిహేను సెకన్లలో అడుక్కి పోతుంది. పలచటి నెత్తురైతే పైనే ఊగుతుంది. నాది పది లెక్కపెట్టేదాకా ఊగింది, పదిహేనుకూ ఊగింది. బల్ల వెనక కూర్చున్న ముసలామె నా వైపు చూసి, "నువ్వు ఇవ్వాల్సిన రోజు ఇంకా రాలేదమ్మాయ్. వెళ్ళి చాయ తాగు" అంది.

ఇచ్చినవాళ్ళకే కదా చాయ అన్నాను. "ఇద్దామని వచ్చినవాళ్ళకు కూడా" అంది.

ఇప్పుడు నర్సింగు కాలేజీ పిల్లలు సెలవుల్లో విదేశాలకు పోయి, ఆసుపత్రుల్లో సేవచేసి వస్తున్నారు. మా చెల్లెలి మనుమరాలు పోయిన నెల ప్రయాణమవుతూ అడిగింది: "అమ్మమ్మా, నువ్వు అక్కడికెల్లి ఏం నేర్చుకొచ్చినవ్?" నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకని రాస్తున్నాను. బదిలీలు, పదోన్నతులు ఇందులో ఉండవు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు పనికొచ్చిన విషయాలు నాలుగైదే. వాటిలో ఒకటి తప్పు, ఆ తప్పు నాదే.

పెద్దపల్లి నుంచి

మాది పెద్దపల్లి. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, నిజాం కాలంలో చదివిన మనిషి, బడిపంతులు. ఆయన ఉత్తరాలు ఉర్దూలోనే రాసేవాడు. నేను అయిదో తరగతి దాకా ఉర్దూలో చదివి, 1948 తరువాత తెలుగులోకి మారాను. హైదరాబాదులో ఇంటర్మీడియట్ అయ్యాక నర్సింగు చేస్తానంటే అవ్వ, అంటే మా అమ్మ, వారం రోజులు మాట్లాడలేదు. కరీంనగర్‌లో ఒక ఇంగ్లీషు దొరసాని నర్సు ఉండేది. ఆమె తాను చదివిన ఆసుపత్రికి నా గురించి రాసింది. వాళ్ళు విద్యార్థినిగా తీసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రులకు చాకిరీ చేసే చేతులు కావాలి, మాకు చదువు కావాలి. ఎవరూ ఎవరినీ ఉద్ధరించలేదు.

1957 సెప్టెంబరు 9, సోమవారం, పెద్దపల్లి స్టేషనులో రైలెక్కాను. బొంబాయి దాకా బాపు వచ్చాడు. ఓడలో పంతొమ్మిది రోజులు. దిగాక మళ్ళీ రైలు. తెల్లారి కిటికీలోంచి చూస్తే బొగ్గు దిబ్బలు, గని మీద తిరిగే పెద్ద చక్రం, నల్లటి మొహాలతో ఇంటికి పోతున్న మనుషులు. చిన్నప్పుడు మా మేనమామ ఇంటికి బెల్లంపల్లి పోతే చూసినవే. ఇంత దూరమొచ్చి బెల్లంపల్లిలో దిగానా అనుకున్నాను. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మొదటి ఏడాది చదువంటే మంచాలు సర్దడం, మలపాత్రలు కడగడం, దుప్పటి మూలలు మడవడం. ఒక్కో వార్డుకు ఇరవై ఎనిమిది మంచాలు, నూట పన్నెండు మూలలు. వార్డు సిస్టరు వచ్చి వేలితో తడిమి చూసేది.

బుధవారాలు

బుధవారం మధ్యాహ్నం మాకు సెలవు. తోటి పిల్లలు సినిమాకు పోయేవాళ్ళు. నేను చర్చి హాలుకు పోవడం మొదలుపెట్టాను. రక్తం తీసుకోకుండా నన్ను చాయ తాగమన్న ఆ ముసలామె పేరు మిసెస్ డాబ్సన్. మరుసటి బుధవారం నా చేతికి తువ్వాలు ఇచ్చి, "ఇవ్వలేవు కదా, కప్పులు తుడువు" అంది. అట్లా రెండేళ్ళ తొమ్మిది నెలలు తుడిచాను. నా పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం నూట ఆరు బుధవారాలు.

ఆమె భర్త గని కార్మికుడు. 1947లో పైకప్పు కూలి ఆసుపత్రికి తెచ్చారు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. బతకలేదు. ఈ సంగతి ఆమె ఒకసారే చెప్పింది, చాయ పోస్తూనే.

"ఆ నాలుగు సీసాలు ఎవరివో నాకు తెలియదు రాజీ. తెలియదు కనుక ఊళ్ళో అందరికీ పోస్తున్నాను."

రాజేశ్వరి అన్న పేరు ఆమె నోటికి పట్టేది కాదు.

ఆమె దగ్గర చెప్పుల జత వచ్చే అట్టపెట్టె ఒకటి ఉండేది. అందులో కార్డులు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. పేరు, రక్తం గ్రూపు, వీధి, కిందటిసారి ఇచ్చిన తేదీ, గనిలో ఏ షిఫ్టు. ఏ గ్రూపు మనిషి కావాలన్నా అర్ధగంటలో ఆ పెట్టె చూపేది. నేను అది చూసి మురిసిపోయాను. నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. పెట్టెలోని వరసను, గీతలతో సహా, నా నోటుబుక్కులో దింపుకున్నాను.

ఆగస్టులో ఒక వారం గని మూసేసేవాళ్ళు. ఊరు ఊరంతా పిల్లా పాపలతో సముద్రం ఒడ్డుకు పోయేది. వీధుల్లో కుక్కలు తప్ప మనుషులుండరు. ఆ వారానికి ముందు మిసెస్ డాబ్సన్ టోపీ పెట్టుకుని బస్సెక్కి పక్క ఊరికి పోయి, అక్కడి పెట్టె అడిగి తెచ్చేది. నేనూ ఒకసారి తోడు పోయాను. దారంతా ఆమె సంచిలోని పిప్పరమెంట్లు తింటూ పోయాం. అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను: "సెలవు వారం. ఊరంతా సముద్రానికి పోతుంది. పక్క ఊరి పెట్టె ముందే తెచ్చుకోవాలి."

ఆరు నెలలు ఇనుము మాత్రలు మింగాక, 1958 ఆగస్టు 13, బుధవారం నాడు నా చుక్క మునిగింది. మిసెస్ డాబ్సన్ లేచి నిలబడి హాలంతా వినపడేలా "మునిగింది!" అని అరిచింది. వరసలో ఉన్న గని కార్మికులు చప్పట్లు కొట్టారు. నాది బి గ్రూపు. అక్కడ ఉన్నన్నాళ్ళలో అయిదుసార్లు ఇచ్చాను.

ఈ సంగతి బాపుకు రాస్తే, ఆయన జవాబులో అవ్వ మాటను ఉర్దూ అక్షరాల్లో అట్లాగే రాశాడు: "నేను సద్దిబువ్వ పెట్టి పెంచిన నెత్తురు ఎవలికో పోస్తివా బిడ్డా, వాళ్ళకు తల్లులు లేరా?" దాని కింద ఆయన మాట ఒక్కటే ఉంది: "బాగా చేశావు."

తిరిగి వచ్చాక

1960 నవంబరులో బయలుదేరి వచ్చాను. మొదట కరీంనగర్. 1963 నుంచి గోదావరికి అవతల, ఆదిలాబాదు జిల్లాలో, చెన్నూరు వైపు ఒక దవాఖాన. ఊరి పేరు రాయను.

వచ్చిన కొత్తలో నేను ఎవరూ భరించలేని మనిషిని. ఇంగ్లండులో రోగిని చూడటానికి వేళలు ఉండేవి కనుక ఇక్కడా పెట్టాను. రెండు గంటలకు వార్డు తలుపు మూయించాను. మూడో రోజు ఒక ముసలాయన అన్నం ముట్టడం మానేశాడు. డాక్టర్ ఖాజా సాబ్ వచ్చి చూశాడు. యాభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ చేతిరుమాలు, కోపం వస్తే దానితో మొహం తుడుచుకునేవాడు.

"సిస్టర్, ఈ బుడ్డాయనకు రోజు అన్నం కలిపి పెట్టేది ఎవరు?"

"ఆయన భార్య."

"ఆమె ఎక్కడున్నది?"

"బయట చెట్టు కింద."

మొహం తుడుచుకున్నాడు. "దర్వాజా ఖోలో. మీ ఇంగ్లండుల నర్సులు ముద్దలు కలిపి పెడ్తరేమో. ఇక్కడ నువ్వు పెడ్తవా?"

తలుపు తీశాను. ఒక దేశపు పద్ధతి వెనక ఆ దేశపు చేతులు ఎన్ని ఉంటాయో లెక్కవేయకుండా పద్ధతి ఒక్కటే తెచ్చుకోకూడదని ఆ రోజు అర్థమైందనుకున్నాను. సగమే అర్థమైంది.

ఖాజా సాబ్ గురించి ఒక మాట. ఆయనకు కాగితాలు పట్టవు, సమయం పట్టదు. కానీ ఏ రోగినీ చేత్తో ముట్టకుండా మందు రాయలేదు. నాకు దొరికిన పై అధికారుల్లో అంతకన్నా మంచివాళ్ళు ఇద్దరే.

కొమురయ్య జట్టు

ఆ దవాఖానలో రక్తం అనేది ఎప్పుడూ ఆఖరి నిమిషం మాట. కాన్పులో నెత్తురు పోతుంటే చుట్టాల్ని అడిగేవాళ్ళం. అడగ్గానే వరండా ఖాళీ అయ్యేది. పోయిన నెత్తురు మళ్ళీ రాదని, మగవాడు ఇస్తే ఇక నాగలి పట్టలేడని నమ్మేవాళ్ళు. నేను మిసెస్ డాబ్సన్ పెట్టె లాంటిది ఒకటి కావాలని డాక్టరును అడిగాను.

"ఇంగ్లండ్ కా తమాషా" అన్నాడు. కానీ రక్తం గ్రూపులు చూసే మందు హైదరాబాదు నుంచి తెప్పించాడు.

పత్తి మిల్లులో బేళ్ళు మోసే హమాలీలు ఊళ్ళో అందరికన్నా దిట్టమైన మనుషులు. వాళ్ళ జట్టుకు పెద్ద కొమురయ్య. నలభై అయిదేళ్ళుంటాయి. మెడ మీద కాయలు కాసి ఉండేవి. 1964 జూన్‌లో ఒకరోజు కాలికి మేకు గుచ్చుకుని వచ్చాడు. కట్టు కట్టాక, సీసాలో నీలం నీళ్ళు చూపించి, "నీ నెత్తురు మునుగుతదో తేల్తదో సూద్దామా?" అన్నాను.

"ఏందది?"

"మైలుతుత్తం. నెత్తురు మంచిదైతె మునుగుతది."

"నాది తేల్తె?"

"తేల్తె పలచగున్నట్టు."

ఆ మాట ఆయన ఓర్చుకోలేకపోయాడు. వేలు చాపాడు. చుక్క రాయిలాగా అడుక్కి పోయింది. కొమురయ్య వంగి సీసా అడుగున దాన్ని వెతుక్కుని చూసి వెళ్ళిపోయాడు. గంట తరువాత పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"సిస్టరమ్మా, వీళ్ళయి గూడ ఏసి సూడు. బువ్వ తిని ఊకె పండేటోడెవడో తేలాలె."

ఆ మధ్యాహ్నం దవాఖాన వరండా జాతరలా ఉంది. ఒక్కో చుక్క పడినప్పుడల్లా కేకలు. మిల్లు గుమస్తా కూడా సరదాపడి వేలు ఇచ్చాడు. ఆయనది తేలింది. "అయ్యా, మీరు బేలు మోయకుండ్రి, కలమే మొయ్యుండ్రి" అన్నాడు ఒకడు. గుమస్తా తరువాత నెల రోజులు మా వైపు రాలేదు.

చుక్కతో మొదలైనది సీసా దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట ఇచ్చింది కొమురయ్యే. పడుకోబెడితే ఊరుకోలేదు.

"పావుగంట లేవద్దు" అన్నాను.

"నేనేమన్న పురుడు పోసుకున్ననా?"

"ఇంగ్లండుల గని పనోళ్ళు గూడ పంటరు."

"వాళ్ళకు మంచాలున్నయి, పంటరు." బిస్కెట్టు ఇస్తే వేళ్ళతో పట్టుకుని చూశాడు. "గిదేంది, గింతంత? ఇంత నెత్తురు గుంజుకోని గీ ముక్కిస్తవా?" చివరికి రెండు ఉడికిన గుడ్లు, చాయ దగ్గర రాజీపడ్డాం.

1965 చివరికి నా పుస్తకంలో పద్నాలుగు పేర్లు. పదకొండు మంది హమాలీలు, దవాఖాన కంపౌండరు, ఒక బడిపంతులు, నేను. ఓ గ్రూపు వాళ్ళు అయిదుగురు, అయిదుగురూ హమాలీలే. మొత్తం ముప్పై ఒక్క సీసాలు ఎక్కించాం. వాటిలో ఇరవై నాలుగు కాన్పులకు. ఎవరికి ఎప్పుడు కావాల్సివచ్చినా మిల్లుకు మనిషిని పంపితే పావుగంటలో గేటు దగ్గర కొమురయ్య చేతులు దులుపుకుంటూ ఉండేవాడు. ఖాజా సాబ్ తమాషా అనడం మానేశాడు. నా ఉద్యోగంలో నేను బాగా సంతోషంగా ఉన్న పద్దెనిమిది నెలలవి.

మాఘ పున్నమి

కొమురయ్యకు ఒక్కతే బిడ్డ, లచ్చవ్వ. పంతొమ్మిదేళ్ళు. మొదటి కాన్పులో పిల్ల పుట్టగానే పోయింది. మళ్ళీ నెల తప్పినప్పుడు కొమురయ్య సమ్మక్క తల్లికి మొక్కాడు. బిడ్డ బరువుకు సరితూగే బెల్లం ఇస్తానని. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి జరిగే ఆ తల్లి జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు.

1966 జనవరి 27, గురువారం, లచ్చవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సిస్టరమ్మా, జర బిడ్డను తూచియ్యి. మిల్లు కాంటా మీద నిలవెడ్తె జనం పత్తి బేలును సూసినట్టు సూస్తరు."

లచ్చవ్వ సిగ్గుపడుతూ నిలబడింది. నలభై ఆరు కిలోలు.

"నీ బిడ్డ అర్ధ బస్తా గూడ లేదు గద కొమురయ్యా."

"తక్కువున్నందుకే బెల్లం తక్కువైతది అనుకుంటున్నవా? పైన ఇంకో కిలో ఏస్త" అన్నాడు.

"నేను గూడ వస్తనంటె బాపు వద్దంటుండు" అంది లచ్చవ్వ నాతో.

"బండి కుదుపులకు నువ్వు దారిలనే కంటవే పిల్లా" అన్నాను. ముగ్గురం నవ్వాం. లెక్క ప్రకారం ఆమెకు ఫిబ్రవరి 20న కాన్పు రావాలి. జాతరకు పోయినవాళ్ళు పదో తారీఖుకల్లా వచ్చేస్తారు. పది రోజులు మిగులు ఉందని లెక్క వేసుకున్నాను. బరువు, తేదీ పుస్తకంలో రాశాను. చీటీ మీద కూడా రాసి ఆయనకిచ్చాను.

కొమురయ్య ఒక్కడే పోతాడనుకున్నానని చెప్పలేను. అసలు ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. సోమవారం ఆరు బండ్లు ఊరు దాటాయని, జట్టంతా పెళ్ళాం పిల్లలతో పోయిందని, మిల్లుకు తాళం వేశారని నాకు తెలిసింది శుక్రవారం.

శుక్రవారం, ఫిబ్రవరి 4, ఉదయం పదిన్నర దాటి పది నిమిషాలకు లచ్చవ్వను ఆమె మగడు బండిలో తెచ్చాడు. పదహారు రోజుల ముందే నొప్పులు. పన్నెండు గంటల అయిదు నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. రెండుంబావు కిలోలు, మంచి ఏడుపు. లచ్చవ్వ నవ్వింది కూడా. పది నిమిషాలకు నెత్తురు మొదలైంది. మాయ పూర్తిగా రాలేదు. ఖాజా సాబ్ చేయాల్సింది చేశాడు. ఆగలేదు. నా పుస్తకంలో ఆమె గ్రూపు అప్పటికే ఉంది. ఓ.

"మిల్లుకు పంపు" అన్నాడు డాక్టరు.

పంపాను. ప్యూను ఒక్కడే తిరిగి వచ్చాడు. "సిస్టరమ్మా, గేటుకు తాళమున్నది. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నడు. అందరు జాతరకు పోయిన్రు."

ఆ మాట విన్న క్షణంలో నా పుస్తకంలోని పద్నాలుగు పేర్లూ కళ్ళ ముందు కనపడ్డాయి, పదకొండు ఖాళీలతో.

బజారుకు పరుగెత్తాం. బజారులో మనిషి లేడు. దొరికినవాళ్ళందరి వేళ్ళూ గుచ్చాను, మొత్తం తొమ్మిది మంది. మగడిది ఎ. ఓ గ్రూపు ఇద్దరిది. ఒకడు సైకిలు దుకాణం యూసుఫ్ భాయ్. "లేలో సిస్టర్, ఎట్లయిన దుకాణ్ బందే ఉన్నది" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన సీసా ఒంటిగంటన్నరకు ఎక్కింది. లచ్చవ్వ పెదవులకు కొంచెం రంగు వచ్చింది.

రెండో మనిషి మా ఆయా బాలవ్వ. ఆమె చుక్క తేలింది. రెండోసారి వేశాను. తేలింది.

"తీస్కోండ్రి నాది" అంది బాలవ్వ.

"నీకే లేదు బాలవ్వా."

"సగం తీస్కో. నేనేం సస్తనా?"

"తీస్కోవద్దు."

"నీ నీలం నీళ్ళు నువ్వే తాగు!" అని వార్డులోనే అరిచి, వెళ్ళి లచ్చవ్వ పాదాలు రుద్దుతూ కూర్చుంది.

యూసుఫ్ భాయ్ ఇంకో సీసా తీసుకొమ్మన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు లచ్చవ్వ పోయింది.

బాలవ్వ రక్తం తీసుకోకపోవడం తప్పా అని నన్ను చాలామంది అడిగారు. కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. పలచటి నెత్తురు మనిషి దగ్గర తీస్తే రెండు మంచాలు అయ్యేవి. తప్పు వారం ముందటిది, జనవరి 27న జరిగింది.

ఆదివారం పొద్దున నా ట్రంకు తెరిచి ఇంగ్లండు నోటుబుక్కు బయటికి తీశాను. మిసెస్ డాబ్సన్ పెట్టెలోని గీతలన్నీ ఉన్నాయి. షిఫ్టు, వీధి, తేదీ. వాటి కింద ఆ మూడు వాక్యాలు, నా రాతలోనే. ఊరంతా సముద్రానికి పోతుంది. పక్క ఊరి పెట్టె ముందే తెచ్చుకోవాలి. 1964లో ఇక్కడి పుస్తకం రాసుకున్నప్పుడు అన్నీ ఎక్కించి ఆ మూడు వాక్యాలు వదిలేశాను. ఎందుకు వదిలేశానో కూడా గుర్తుంది. మాకు సముద్రం లేదు కదా అనుకున్నాను.

పెద్దపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. రెండేళ్ళకోసారి మా వీధిలో బండ్లు కట్టి, ఇళ్ళకు తాళాలు వేసి జనం ఎటు పోతారో నాకు తెలియదా?

బంగారం

బండ్లు 9వ తారీఖున తిరిగి వచ్చాయి. కొమురయ్యకు గోదావరి ఒడ్డునే తెలిసిందట. ఇంటికి పోకుండా దవాఖానకు వచ్చాడు. వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు మూట.

ఖాజా సాబ్ నన్ను లోపలికి పిలిచి మెల్లగా, "ఏం చెప్పకు. కాన్పు కష్టమైంది, అంతే" అన్నాడు. ఆయన దయతోనే అన్నాడు. నేను బయటికి వచ్చాను.

"సిస్టరమ్మా, నా బిడ్డకు ఏం నెత్తురు గావాల్సొచ్చె?"

"ఓ."

"నాది?"

"ఓ."

తువ్వాలు కొనలు సర్దుకున్నాడు. "నేనుంటె బతుకునా?"

"ఇంకో రెండు సీసాలు గావాల్సుండె కొమురయ్యా. మీ జట్టుల అయిదుగురున్నరు. బతికేదే అని అనుకుంటున్న."

"పోతున్ననని నీకెరుకనే గద."

"ఎరుకనే."

"బరువు గూడ రాసిస్తివి."

"రాసిచ్చిన. నాకు తట్టలే."

"తట్టలేదా." లేచాడు. ఇక కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండు అనుకున్నాను. తువ్వాలు విప్పి, జాతర బెల్లం గడ్డను బల్ల అంచుకు కొట్టి పగలగొట్టాడు. ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. "తల్లి బంగారం పంచకుంట ఇంట్ల పెట్టుకోరాదు. తిను." యూసుఫ్ భాయ్‌కు ఇమ్మని ఇంకొకటి ఇచ్చి, బాలవ్వకు రెండు ముక్కలు పెట్టి, దవాఖానలోనే ఉన్న పిల్లను తీసుకుని పోయాడు.

నేను నిలబడే తిన్నాను.

ఆ తరువాత రెండేళ్ళు హమాలీలు ఎవరూ దవాఖాన మెట్లు ఎక్కలేదు. దారిలో కనపడితే తల తిప్పుకునేవాళ్ళు. నీలం నీళ్ళ సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాను. నేను తప్పు ఒప్పుకున్నందుకే జట్టు పోయిందని ఖాజా సాబ్ అన్నాడు. కావచ్చు. కొత్త పిల్లలకు నా మాట: అయినా ఒప్పుకోండి. ఆయన చెప్పమన్నట్టు చెప్పి ఉంటే కొమురయ్య నాకు కృతజ్ఞతగా ఉండేవాడు. ఆ కృతజ్ఞతతో నేను ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేయలేకపోయేదాన్ని.

1967లో మా దవాఖానకు కిరసనాయిలుతో నడిచే రిఫ్రిజిరేటరు వచ్చింది. రక్తం మూడు వారాలు నిలవ ఉంచవచ్చు. ఉంచడానికి రక్తం లేదు.

1968 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు గేటు దగ్గర బండ్లు ఆగిన చప్పుడైంది. కొమురయ్య. భుజం మీద రెండేళ్ళ పిల్ల. వెనక ఎనిమిది మంది.

"జాతరకు పోతున్నం" అన్నాడు, నా మొహం చూడకుండా. "ఎనిమిది రోజులు మిల్లు బందుంటది. మీ దగ్గర సల్లపెట్టె ఉన్నదట గద. పోకముందే తీస్కో."

బండ్ల వైపు చూశాను. "బండ్ల మీద పోవాలె. నెత్తురిచ్చి పోతరా?"

"ఎద్దులు పోతయి, మేము కూసుంటం. జర జల్ది కానియ్. ఈసారి మూడు గుడ్లు పెట్టాలె."

బీరువా తాళం తీశాను. పిల్ల నీలం నీళ్ళ వైపు చెయ్యి చాపింది. "సమ్మక్కా, ముట్టకే" అన్నాడు. ఆ పిల్ల పేరు అప్పుడే తెలిసింది నాకు. తొమ్మిది మంది చుక్కలూ మునిగాయి. నేను నా పుస్తకం తీసుకుని అదే రోజు బస్సులో పక్క ఊరికి పోయాను, అక్కడి కంపౌండరు దగ్గర వాళ్ళ పేర్లు రాసుకోవడానికి. టోపీ ఒక్కటే తక్కువ.

ఆ జాతర వారంలో మూడు సీసాలు వాడాం. ముగ్గురూ ఇంటికి పోయారు.

పోయినవి

మిసెస్ డాబ్సన్‌కు ఇదంతా రాశాను. 1968 మే నెలలో ఉత్తరం తెరవకుండానే తిరిగి వచ్చింది. చిరునామాదారు లేరని రాసి ఉంది. అంతకు ముందు ఆమె రాసినవి పదిహేడు ఉత్తరాలు. ఉన్నవి పదహారు.

ఆమె పెట్టెను దింపుకున్న నోటుబుక్కు నా దగ్గర లేదు. ఒక వర్షాకాలం ఇల్లు కురిసి నానిపోయింది. వాక్యాలు గుర్తున్నాయి.

హమాలీలు రాని రెండేళ్ళలో రక్తం దొరక్క పోయినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు బాలింతలు, ఒక మిల్లు కూలీ.

ఖాజా సాబ్, బాలవ్వ, యూసుఫ్ భాయ్ ఇప్పుడు లేరు. కొమురయ్య 1979లో పోయాడు. అప్పటికి ఇరవై ఆరుసార్లు ఇచ్చాడు.

లచ్చవ్వ, పంతొమ్మిదేళ్ళు. జనవరి 27న నేను తూచినప్పుడు నలభై ఆరు కిలోలు. అందులో సమ్మక్క బరువు రెండుంబావు. అది తీసేస్తే నలభై మూడుమ్ముప్పావు.

పోయింది అంత.